సోంపేట: హోమ్ థియేటర్ ముట్టుకుంటే జిల్లుమంటోంది - ముందు కేబుల్ వైరు విప్పి చూడండి

హోమ్ థియేటర్ యాంప్లిఫయర్ రేకు (పైనున్న లోహపు పెట్టె) ముట్టుకుంటే జిల్లుమంటోందని, దానిమీద టెస్టర్ పెడితే మసగ్గా వెలుగుతోందని సోంపేట నుంచి అడిగారు. యాంప్లిఫయర్ పాడైనట్టు లేదు, చాలామటుకు ఎర్తింగ్ సమస్యే. టీవీ, సెట్‌టాప్ బాక్సుల రెండు పిన్నుల అడాప్టర్లలోంచి కొద్దిపాటి కరెంటు లీకై, హెచ్‌డీఎంఐ వైరు మీదుగా యాంప్లిఫయర్ రేకు దాకా వస్తుంది. మీరు చెప్పినట్టు టెస్టర్ మసగ్గా వెలిగేది అందుకే.

1. ప్లగ్గులన్నీ పీకేయండి. స్విచ్ కట్టేస్తే చాలదు.

2. అందరూ వదిలేసేది ఇదే: కేబుల్ టీవీ వైరు కూడా విప్పాలి. మీ ఇంట్లో మెయిన్ ఆపినా, వీధిలో ఇంకెవరింట్లోనో లీకైన కరెంటు ఆ వైరు మీద రావచ్చు. కనెక్టర్ లోహం ఒట్టి చేత్తో పట్టుకోవద్దు, రబ్బరు గ్లౌజులు వేసుకోండి. విప్పాక మిగతా ప్లగ్గులు మళ్లీ పెట్టి, ఆన్ చేసి రేకు మీద టెస్టర్ పెట్టండి. వెలగకపోతే కేబుల్ అతన్ని పిలవండి, తప్పు అటువైపుది.

3. ఇంకా వెలుగుతుంటే సాకెట్‌లో ఫేజుకీ ఎర్తుకీ మధ్య వోల్టులు కొలిచే మీటరు (మల్టీమీటరు) పెట్టండి. 230 వోల్టుల దగ్గర రాకపోతే ఎర్తు వైరు తగిలించలేదో, ఎక్కడో తెగిందో అన్నమాట. వచ్చినా పూర్తిగా నమ్మలేం, బలహీనమైన ఎర్తుకీ మీటరు అంతే చూపిస్తుంది. మీ ఉద్దానం ప్రాంతపు ఇసుక నేలలో ఎర్తు గొయ్యి తొందరగా ఆరిపోతుంది, ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. పనిలో పనిగా 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) పెట్టించండి.

న్యూట్రల్‌ని ఎర్తు పిన్నుకి కలిపేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. న్యూట్రల్ తెగిన రోజు రేకంతా 230 వోల్టులే.