చేతులు లెక్కపెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

మీ అపార్ట్‌మెంటు సంఘానికి నీవు కార్యదర్శివైనావని అమ్మ చెప్పింది. వచ్చే సర్వసభ్య సమావేశంలో లిఫ్టు మార్పిడి మీద ఓటింగు ఎలా జరపాలని అడిగావు. పన్నెండేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కనుక నాకు తెలిసింది రాస్తున్నాను. ఓట్ల తగాదాలు చాలామటుకు లెక్కింపులో పుట్టవు. ఓటు ఎవరికుంది, దేనిమీద వేస్తున్నారు, ఎన్ని వస్తే నెగ్గినట్టు అన్నవి ముందుగా తేల్చుకోకపోవడం వల్ల పుడతాయి.

మా సంఘంలో ఒకసారి 40 ఫ్లాట్లకు 43 చేతులు లేచాయి. ఒకే ఫ్లాటు నుంచి భార్యాభర్తలిద్దరూ, వారితోపాటు అద్దెకున్నవారు కూడా చేయెత్తారని తర్వాత తెలిసి, సమావేశం మళ్లీ పెట్టవలసివచ్చింది. అప్పటినుంచి గుమ్మం దగ్గరే సంతకం తీసుకుని ఫ్లాటుకొక రంగు చీటీ ఇచ్చి, చేతికి బదులు చీటీని లెక్కించేవాళ్లం. బకాయిదారుకు ఓటుందా, రానివారి తరఫున మరొకరు వేయవచ్చా అన్నవాటికి జవాబు బైలాలలోనే వెతుకు. మీది 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘమైతే, రిజిస్ట్రారుకు దాఖలు చేసిన ప్రతినే ప్రామాణికంగా తీసుకో. అలమారాలో దొరికిన పాత జిరాక్సును నమ్మకు.

డబ్బుతో ముడిపడిన ఏ విషయాన్నీ ‘అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు’ కింద తేవద్దు. అది టీలు వచ్చే వేళ, సగంమంది లేచిపోయే వేళ. తీర్మానం పాఠాన్ని నోటీసులోనే పూర్తిగా అచ్చువేయించి, ప్రతిపాదించినవారి పేరు, బలపరిచినవారి పేరు రాసి, ఎవరైనా సవరణ తెస్తే ముందు సవరణను, తర్వాత అసలు తీర్మానాన్ని ఓటుకు పెట్టు.

మెజారిటీ అంటే దేనిలో మెజారిటీయో సభ మొదట్లోనే చదివి వినిపించు. హాజరై ఓటువేసినవారిలో మెజారిటీ చాలునని బైలా అంటే, 33 మంది వచ్చి 16 మంది అనుకూలంగా, 11 మంది వ్యతిరేకంగా వేసి, ఆరుగురు తటస్థంగా ఉన్నా తీర్మానం నెగ్గినట్టే. మొత్తం సభ్యులలో మెజారిటీ కావాలంటే అదే తీర్మానం వీగిపోతుంది. మౌనం అర్ధాంగీకారమన్నది పెళ్లిచూపులకు సరిపోతుందేమో గాని, సభలో మౌనాన్ని ఏ పక్షానా కలపకూడదు.

ఓట్లు సమానమైతే అధ్యక్షుడికి నిర్ణాయక ఓటు తనంతట తాను రాదు. లోక్‌సభలో స్పీకరు మొదట ఓటు వేయకుండా, సమానమైనప్పుడే వేయడం రాజ్యాంగం 100వ అధికరణం ఇచ్చిన ఏర్పాటు. మీ బైలా అలాంటిది ఇవ్వకపోతే, సమానమైన తీర్మానం నెగ్గనట్టే లెక్క.

కార్యవర్గం ఎన్నికకు మాత్రం రహస్య ఓటే పెట్టు. ఇరుగుపొరుగు మొహమాటాల మధ్య చేతులెత్తమనడం అన్యాయం. ఖాళీ పెట్టెను అందరికీ చూపి సీలు వేయి; పోటీలో లేని ఇద్దరిచేత, అభ్యర్థుల ఎదుటే లెక్కించు.

మినిట్స్ పుస్తకంలో ‘ఏకగ్రీవంగా’ అన్న మాట చేతి అలవాటుగా రాయకు. నలుగురు వద్దన్నారంటే నలుగురని అంకెతోనే రాసి, సభ ముగియకముందే చదివి వినిపించి, వద్దన్నవారిలో ఒకరి సంతకం కూడా తీసుకో.

ఇట్లు,
మీ మామయ్య