ఇరుకు క్యాబినెట్‌లో గ్రాఫిక్స్ కార్డుకి వాటర్ కూలింగ్

ప్రశ్న: నాది 300 వాట్ల గ్రాఫిక్స్ కార్డు. గేమ్ మొదలైన పది నిమిషాలకే 84 డిగ్రీలు చూపిస్తోంది, ఫ్యాన్ల మోత భరించలేకపోతున్నాను. క్యాబినెట్ ఇప్పటికే కిక్కిరిసి ఉంది: ప్రాసెసర్‌కి పెద్ద ఎయిర్ కూలర్, ముందువైపు హార్డ్‌డిస్కుల కేజ్. కార్డు ఒక్కదానికి వాటర్ కూలింగ్ పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోవచ్చు. దానికి ముందు సైడ్ ప్యానెల్ తీసేసి అదే గేమ్ అరగంట ఆడి చూడండి. ఏడెనిమిది డిగ్రీలు పడిపోయిందంటే అసలు లోటు గాలిది. గాలి ఆడని చోట రేడియేటర్ పెట్టినా నీళ్లు కాగుతూ కూర్చుంటాయి. పెద్దగా తేడా లేకపోతేనే ముందుకు వెళ్లండి.

చోటు తినేది కార్డు మీది బ్లాక్ (చిప్ మీద కూర్చుని, లోపల నీళ్లు పారే లోహపు పలక) కాదు. మూడు స్లాట్ల లావు కూలర్ ఊడదీసి ఫుల్ కవర్ బ్లాక్ బిగిస్తే కార్డు ఇంకా సన్నబడుతుంది. ఇబ్బందంతా రేడియేటర్‌తోనే. 300 వాట్లకి 240 మి.మీ.ది ఉండాలి, 120తో సరిపెడితే ఆ మోత మళ్లీ మొదటికొస్తుంది. 240 అన్నది ఫ్యాన్ల కొలత, రెండు చివర్ల ట్యాంకులతో కలిపి రేడియేటర్ పొడవు 275 మి.మీ. దాటుతుంది. మందం 27, ఫ్యాన్ 25, మొత్తం 52 మి.మీ. కార్డు కొస నుంచి ముందు ప్యానెల్ దాకా స్కేలు పెట్టి కొలవండి. డిస్కుల కేజ్ తీసేయక తప్పకపోవచ్చు.

అంత ఖాళీ లేకపోతే 15 మి.మీ. ఫ్యాన్లు దొరుకుతాయి. వాటితోనే ఒక ప్రమాదం ఉంది. రేడియేటర్‌తో వచ్చే 30 మి.మీ. స్క్రూలు 25 మి.మీ. ఫ్యాన్ల కోసం ఇచ్చినవి. సన్న ఫ్యాన్‌కి అవే బిగిస్తే పది మి.మీ. అదనంగా లోపలికి దూరి నీళ్లు పారే సన్న గొట్టాన్ని పొడిచేస్తాయి. రేడియేటర్ చెత్తబుట్టకే. 20 మి.మీ.వి తెచ్చుకోండి.

ట్యూబు 10/16 (లోపలి వ్యాసం 10, బయటి వ్యాసం 16 మి.మీ.) తీసుకోండి. 10/13 సన్నగా ఉందని ముచ్చటపడతారు గానీ, గోడ పలచన, ఇరుకు మలుపులో చప్పున నొక్కుకుపోతుంది. ట్యూబు తిరగని చోట 90 డిగ్రీల వంపున్న ఫిట్టింగ్ (ట్యూబుని బిగించే జోడింపు) వేయండి.

ప్రశ్న: బ్లాక్ బిగించాను. కోర్ 55 డిగ్రీలే, హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడి చోటు) మాత్రం 95. ఎందుకు?

జవాబు: బ్లాక్ చిప్ మీద సమంగా కూర్చోలేదు. నూటికి తొంభై సార్లు థర్మల్ ప్యాడ్లే (మెమరీ చిప్‌లకీ బ్లాక్‌కీ మధ్య పెట్టే మెత్తటి పట్టీలు) కారణం: 1 మి.మీ. ఉండాల్సిన చోట 1.5 పెడితే మెమరీ దగ్గర బ్లాక్ పైకి లేచి, చిప్ ఒక మూల వదులవుతుంది. విప్పి, చిప్‌కీ బ్లాక్‌కీ మధ్య రాసిన థర్మల్ పేస్టు అచ్చు చూడండి, ఒక వైపు మందంగా మిగిలి ఉంటే అదే. మాన్యువల్‌లో ఏ చిప్‌కి ఎంత మందమో ఉంటుంది. పాత పేస్టు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది రాయండి. స్క్రూలు ఎదురెదురు మూలల్లో, తలా అర చుట్టు చొప్పున బిగించండి.

ప్రశ్న: నీళ్లు నింపి నేరుగా ఆన్ చేయొచ్చా? కుళాయి నీళ్లు పనికొస్తాయా?

జవాబు: రెండూ వద్దు. కుళాయి నీళ్లలోని లవణాలు బ్లాక్‌లోని సన్న గాడుల్లో పేరుకుంటాయి. డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పునీ నాచునీ ఆపే ద్రవం కలపండి, లేదా రెడీమేడ్ కూలెంట్ పోయండి. బ్లాక్ రాగి అయితే రేడియేటర్ కూడా రాగి లేదా ఇత్తడిదే ఉండాలి; పక్కన అల్యూమినియం వస్తే ఆ అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది.

మదర్‌బోర్డు, కార్డు, డిస్కులు అన్నిటి పవర్ కేబుళ్లు పీకేయండి. పంపు ఒక్కదానికే కరెంటు ఉంచి, 24 పిన్ జంపర్‌తో (మదర్‌బోర్డు లేకుండానే పవర్ సప్లైని ఆన్ చేసే చిన్న ప్లగ్) సప్లైని లేపండి. రిజర్వాయర్ (నీళ్లు పోసే తొట్టి) ఖాళీ అవుతుండగానే ఆపి, మళ్లీ నింపండి. పొడి పంపు తిరిగితే బేరింగ్ పోతుంది. ప్రతి ఫిట్టింగ్ కింద టిష్యూ పరిచి రాత్రంతా నడపండి. పొద్దున ఒక్క కాగితం తడిసినా ఆ ఫిట్టింగ్ విప్పి ఓ-రింగ్ (లోపలి రబ్బరు రింగు) చూడాల్సిందే.

ప్రశ్న: ఫ్యాక్టరీలోనే నింపి ఇచ్చే రెడీమేడ్ కిట్ అయితే రేడియేటర్ అడుగున పెట్టొచ్చా?

జవాబు: పంపు బ్లాక్‌లోనే ఉంటే వద్దు. లోపలి గాలి పైకి చేరి పంపులోనే బుడగలు కడుతుంది, గలగల చప్పుడు వస్తుంది. రేడియేటర్ పై అంచు పంపుకంటే ఎత్తులో ఉండాలి.