ఒళ్లంతా అసహ్యించుకుంటేనే మగవాడినా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది నెల్లూరు, చెన్నై వేళచ్చేరిలో ఉంటాను. ఆడపిల్లగా పెంచారు గానీ నేను మగవాడినని చిన్నప్పటి నుంచీ తెలుసు. ఛాతీని చూసుకోలేను. క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని ఆఫీసుకు వెళ్తాను. మిగతా ఒంటితో పెద్ద పేచీ లేదు. అది విని ఒక ట్రాన్స్ మిత్రుడు ‘అయితే నీది నిజం కాదేమో’ అన్నాడు. అమ్మేమో ‘దేవుడిచ్చిన ఒళ్లు కోయించుకుంటావా’ అని ఏడుస్తోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు ఆ బ్యాండేజీ ఈ రోజే మానేయండి. కదిలేకొద్దీ బిగుసుకుంటుంది, ఊపిరి ఆడదు, పక్కటెముకలు దెబ్బతింటాయి. చెన్నై ఉక్కపోతలో చర్మం ఒరుసుకుపోతుంది కూడా. ఛాతీ చదునుగా కనిపించేలా వేసుకునే బిగుతు బనియన్ ఉంటుంది, దాన్ని బైండర్ అంటారు. మీ కొలతకు సరిపోయేది కొనుక్కోండి. అదైనా రోజుకు 8 గంటలు మించకూడదు, ప్రయాణంతో కలిపి. వేసుకుని పడుకోవద్దు.

ఇక మీ మిత్రుడి మాట. ఎంత అసహ్యం ఉంటే అంత నిజం అనే తూకం ఎక్కడా లేదు. కొందరిని గొంతు బాధిస్తుంది, కొందరిని నెలసరి. కొందరికి అద్దంతో ఏ గొడవా ఉండదు, కొట్టువాడు ‘ఏం కావాలమ్మా’ అంటే మాత్రం ఆ రోజంతా పాడవుతుంది. గడ్డం కింద నాలుగు వెంట్రుకలు మొలిస్తే పదిసార్లు తడిమి చూసుకునే సంతోషమూ ఉంటుంది, దాన్నెవరూ లెక్కలోకి తీసుకోరు! ఆపరేషన్ అయితేనే మగవాడిగానో ఆడదానిగానో గుర్తిస్తామనడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది.

మీకు తప్పక తెలియాల్సింది ఒకటుంది. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్‌తో గొంతు మారుతుంది, మందు మానేసినా పాత గొంతు తిరిగి రాదు. ఛాతీని మాత్రం అది పోగొట్టదు. మీ బాధంతా అక్కడే అయితే ఇది ముందే ఆలోచించుకోండి. హార్మోన్లు వాడకుండా ఛాతీ ఆపరేషన్ ఒక్కటే చేయించుకున్నవాళ్లున్నారు, ఏదీ వద్దనుకున్నవాళ్లూ ఉన్నారు. సెంట్రల్ స్టేషన్ ఎదుట ఉన్న రాజీవ్‌గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ట్రాన్స్‌జెండర్ల క్లినిక్ ఉంది, అక్కడ అడగండి. ‘మందులతో మామూలు చేస్తాం’ అనేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి. అలాంటి వైద్యాన్ని మద్రాసు హైకోర్టు 2021లో నిషేధించింది.

అమ్మగారికి దేవుడి కంటే కత్తి భయం, ఊళ్లో జనం భయం ఎక్కువని నా అనుమానం. ఆమెతో సిద్ధాంతాలు మాట్లాడకండి. ఇన్నాళ్లూ బ్యాండేజీ కట్టుకుని ఎలా తిరిగారో, విప్పాక ఎంత మంటపుట్టేదో చెప్పండి. ఆసుపత్రికి మొదటిసారి మీరొక్కరే వెళ్లండి. మీ అనుమానాలు తీరాక ఆమెనూ తీసుకెళ్లి, అడగాలనుకున్నవన్నీ డాక్టర్‌నే అడగనివ్వండి.