చెరువు దగ్గరికి పిల్లల్ని తీసుకుపోయే ముందు

అమ్మాయ్,

మీ ఎనిమిదో తరగతి పిల్లల చేత పోరుమామిళ్ల చెరువు గురించి రాయిస్తానని నువ్వు చెప్పినప్పటి నుంచి నా మనసంతా ఆ కట్ట మీదే ఉంది. ఫోన్లో చెప్పడానికి కుదరనివి ఇక్కడ రాస్తున్నా.

ముందు జాగ్రత్త మాట. ఎంత బతిమాలినా సరే, ఒక్క పిల్లాణ్ని కూడా నీళ్ళలో దిగనియ్యొద్దు. పూడిక మట్టి కోసం జేసీబీతో తవ్విన గుంతలుంటే, చెరువులోకి నీళ్ళు వచ్చాక అవి పైకి కనపడవు. మోకాలి లోతు అనుకున్న చోట పక్క అడుగులోనే మనిషి మునిగిపోవచ్చు. నీళ్ళు కావాలంటే బకెట్‌కు తాడు కట్టి నువ్వే తోడియ్యి. నీకు తోడుగా ఇంకో పెద్ద మనిషి ఉండాల్సిందే.

ఒక్కసారి పోయి వస్తే అది పిక్నిక్ అవుతుంది. వారానికోసారి, అదే చోటికి, అదే వేళకు పోండి. తూము దగ్గర ఒక రాయిని గుర్తు పెట్టుకుని, నీళ్ళు దానికి ఎన్ని జానల కింద ఉన్నాయో రాయించు. ఆ వారం వాన పడిందా, తూము ఎత్తారా అన్నది కూడా రాయాలి. అది రాయకపోతే నీళ్ళు ఎండకు తగ్గాయో పొలాలకు పోయాయో తర్వాత ఎవరూ చెప్పలేరు. తూము సంగతి నీరుగంటినో (చెరువు నీళ్ళు పొలాలకు వదిలే మనిషి) ఆయకట్టు రైతునో అడగమను. పిల్లలే అడగాలి, నువ్వు కాదు.

నోటు పుస్తకంలో పేజీని రెండు భాగాలు చేయించు. ఒక పక్క ‘చూసింది’, ఇంకో పక్క ‘అనుకున్నది’. ఇది నాకు ఒక పొరపాటు నేర్పిన పాఠం. ఒకసారి తెల్లారకముందే పిల్లలతో చెరువుకు పోయాను. చేపలు నీటి అంచుకు వచ్చి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. ‘చేపలకు ఆకలిగా ఉంది’ అని అందరూ రాశారు, నేనూ టిక్కు పెట్టేశాను. మధ్యాహ్నం పోయి చూస్తే పైన ఒక్క చేప లేదు. రాత్రంతా నాచు, మొక్కలు ఆక్సిజన్ తయారు చేయవు, కానీ చెరువులోని ప్రాణులన్నీ వాడుకుంటూనే ఉంటాయి. అందుకే తెల్లవారుజామున నీటిలో అది బాగా తగ్గిపోతుంది. చేపలు ఆ కాస్త గాలి కోసం పైకి వచ్చాయి. ‘నోళ్ళు తెరిచి మూస్తున్నాయి, టైము ఐదున్నర’ అని మాత్రమే రాసి ఉంటే కారణం వాళ్ళే వెతుక్కునేవాళ్ళు.

నీటి తేట కొలవడానికి స్టీలు ప్లేటుకు తెల్ల రంగు పూసి, జానకో ముడి వేసిన తాడు కట్టి దించు. ఏ ముడి దగ్గర ప్లేటు మాయమైందో రాస్తే చాలు. వాన పడ్డ వారం తేడా వాళ్ళ కళ్ళకే కనపడుతుంది.

ఈ చెరువు గురించి రాతి మీద చెక్కించిన శాసనం సంగతి తప్పకుండా చెప్పు. 1369లో విజయనగర రాకుమారుడు భాస్కర భవదూర వేయించింది. రెండేళ్ళు, రోజుకు వెయ్యి మంది కూలీలు పనిచేసి కట్టిన చెరువు అది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 లక్షణాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెక్కించారు. కట్ట నుంచి నీరు ఊరడం, చౌడు నేల, నీళ్ళు తక్కువై ఆయకట్టు ఎక్కువవడం ఆ దోషాల్లోవే. ఈ మూడూ ఇప్పుడు ఎలా ఉన్నాయో మీ పిల్లలు కట్ట వెంట నడిచి చూడొచ్చు.

పెన్నులొద్దు, పెన్సిళ్ళు ఇవ్వు. తడిసినా అక్షరం చెదరదు. మొదటి వారం పుస్తకాలు దిద్దకుండా అలాగే నాకు పంపించు, చదవాలని ఉంది.

మీ మామయ్య