నీ వ్యాసంలో వాడేవాళ్లేరీ?

తమ్ముడూ,

డిజైన్ సిస్టమ్‌ల మీద, అదే కంపెనీ యాప్‌లన్నీ వాడుకునే ఉమ్మడి బటన్లు, రంగులు, రూల్స్ మీద, నువ్వు రాసిన వ్యాసం చదివా. భాష బాగుంది, సరే. కానీ "కంపెనీ ప్రోడక్టులన్నీ ఒకేలా కనిపించాలి, డిజైన్ సిస్టమ్ ఉన్నదే అందుకు" అన్నావు చూడు, అక్కడ ఒళ్లు మండింది. ఎవరికి కనిపించాలయ్యా? పొద్దస్తమానం బిల్లింగ్ స్క్రీన్ ముందు కూర్చునే అకౌంట్స్ ఆవిడకా, నెలకోసారి ఫోన్లో బిల్లు కట్టేసి యాప్ మూసేసే మనిషికా? ఈయనకి పెద్ద బటన్ ఒకటుంటే చాలు. ఆవిడకి బోలెడు వరుసలు ఒక్కచూపులో కనపడాలి, మౌస్ ముట్టుకోకుండా ట్యాబ్ కీతో పనైపోవాలి. గూగుల్ వాళ్ల డిజైన్ రూల్స్ మెటీరియల్ డిజైన్ చెప్పే 48 డీపీ (డీపీ అంటే స్క్రీన్ మీద కొలత) టచ్ సైజు బొటనవేలికి హాయే, అదే కొలత ఆవిడ టేబుల్లో వరుసవరుసకీ పెడితే రోజంతా స్క్రోల్ చేస్తూ మనల్ని తిట్టుకుంటుంది.

టోకెన్లని, అదే రంగులకీ సైజులకీ మనం పెట్టుకునే పేర్లని, ఒక్క లైన్లో తేల్చేశావు, అసలు కథంతా అక్కడుంటే! బటన్‌కి నేరుగా 'బ్లూ 500' అని ఫలానా నీలం రాసేస్తే రెండో బ్రాండ్ వచ్చిన రోజు కోడ్ అంతా వెతుక్కోవాలి. 'ముఖ్యమైన పని రంగు' అని ఒక టోకెన్ పెట్టుకుంటే ఏ బ్రాండ్ థీమ్‌లో ఆ బ్రాండ్ విలువ ఇచ్చుకోవచ్చు, బటన్ జోలికి ఎవరూ పోరు. అలాగని అన్నీ బ్రాండ్ వాళ్లకి వదిలేస్తామా? మామూలు సైజు అక్షరాలకి వైకల్యం ఉన్నవాళ్లూ వెబ్ వాడగలిగేలా పెట్టిన డబ్ల్యూసీఏజీ రూల్స్ ఏఏ స్థాయిలో అడిగే 4.5:1 కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకీ తేడా) రాకపోతే బ్రాండ్ వాళ్లు ఎంత గోల చేసినా ఒప్పుకోకూడదు. ఏది వదలాలి, ఏది పట్టుకోవాలి అన్నదే ఈ పనిలో రోజూ ఉండే గొడవ, నీ వ్యాసంలో ఆ గొడవ ఊసే లేదు.

నేను కొత్తలో ఒక పత్రికకి డేట్ పికర్ మీద, అదే స్క్రీన్లో తేదీ ఎంచుకునే డబ్బా మీద, రాసి పంపా. పుట్టినతేదీ అడిగే ఫారంలో క్యాలెండర్ పెడితే నెలనెలా వెనక్కి నొక్కుకుంటూ 1962 దాకా ఎవరు పోతారు, టైప్ చేసే వీలివ్వండి అని ఒక టీమ్ అడిగింది, డిజైన్ సిస్టమ్ చూసుకునే సెంట్రల్ టీమ్ 'వచ్చే క్వార్టర్' అంది, రిలీజ్ ఆగదు కదా, అడిగినవాళ్లు ఆ డేట్ పికర్‌ని కాపీ కొట్టుకుని సొంతంగా పెంచుకున్నారు. ఎడిటర్ గారు అదంతా కోసేసి ఐదు చిట్కాలుగా మార్చమన్నారు. మార్చనన్నా, అచ్చవలేదు. ఆ చిట్కాల జబ్బు ఇంకా వదల్లేదు, నీకూ అంటుకుంది.

స్క్రీన్లు గీసుకునే ఫిగ్మా సంగతి, ఏఐ సంగతి ఏవో అడిగావు, తర్వాత చూద్దాం. ముందు ఏదో ఒక టీమ్ దగ్గరికెళ్లి వాళ్లు ఇలా కాపీ కొట్టి దాచుకున్న కాంపోనెంట్ (బటన్, డేట్ పికర్ లాంటి ముక్క) చూపించమను, ఎందుకు చేశారో అడుగు, వాళ్లు చెప్పిందే మొదటి పేరాగా రాసి పంపు. లిస్టు మాత్రం పంపకు, చదవను.