చెన్నైకి సముద్రపు నీటిశుద్ధిలో ఇంకా ఆర్వోయే ఎందుకు?

"ఎన్‌ఐఓటీ మన పళ్లికరణైలోనే ఉంది కదా, చెన్నైకి ఇంకా ఆర్వో ప్లాంట్లేనా?" అని ఒకరు అడిగారు. ఎన్‌ఐఓటీ అంటే జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ. ఆర్వో అంటే సముద్రపు నీటిని గట్టి ఒత్తిడితో మెంబ్రేన్ అనే సన్నని పొర గుండా పంపి ఉప్పు తీసే పద్ధతి.

ఎన్‌ఐఓటీ పద్ధతి పనిచేస్తుంది. 2005లో లక్షద్వీప్‌లోని కవరత్తి దీవిలో రోజుకు లక్ష లీటర్లతో మొదలైంది. పైనున్న వెచ్చని సముద్రపు నీటిని తక్కువ పీడనంలో ఆవిరి చేసి, సుమారు 350 మీటర్ల లోతు నుంచి తోడిన చల్లని నీటితో ఆ ఆవిరిని మంచినీరుగా మారుస్తారు. చిక్కంతా ఆ లోతుతోనే. కవరత్తిలో అది ఒడ్డు పక్కనే దొరుకుతుంది, చెన్నైలో చాలా దూరం పోవాలి. 2007లో ఇక్కడ సముద్రంలో బార్జి (చదునైన పెద్ద పడవ) మీద చేసి చూపించారు కూడా. కానీ చెన్నై దగ్గరి నెమ్మేలిలో మొదటి ఆర్వో ప్లాంటు ఒక్కటే రోజుకు 10 కోట్ల లీటర్లది!

ఆర్వోకు వెయ్యి లీటర్లకు 3-4 యూనిట్ల కరెంటు పడుతుంది, విడిభాగాలు సులువుగా దొరుకుతాయి, బ్యాంకులూ నమ్ముతాయి. నన్నడిగితే ఈ చివరిదే అసలు కారణం. ఆర్వోలోనే ఏదైనా కొత్త మెంబ్రేన్ ల్యాబులో ఎంత మెరిసినా, నిజమైన సముద్రపు నీటిలో పాచి పట్టకుండా ఏళ్ల తరబడి నిలిచిందని చూపకపోతే అప్పు పుట్టదు.