మీ ప్రశ్న - మా జవాబు: మీటింగ్‌లో తలూపుతారు, క్లాసులో మళ్ళీ లాస్ట్ బెంచే

ప్రశ్న: మేడమ్, జూన్‌లో జెడ్పీ హైస్కూల్‌కి హెచ్.ఎం.గా వచ్చాను. మాది పెద్దపల్లి జిల్లా, చుట్టూ ఇటుక బట్టీలు. ఆరో తరగతిలో ఒరిస్సా పిల్లలు ఐదుగురు, ఏడులో చెవి మిషన్ పెట్టుకునే అమ్మాయి, ఎనిమిదికొచ్చినా చదవడం రాని అబ్బాయి ఉన్నారు. అందరినీ కలుపుకుపోదాం అంటే స్టాఫ్ సరే అంటారు, క్లాసుకెళ్తే ఏం మారదు. "బట్టీ పిల్లలు ఎండాకాలంలో పోయేవాళ్ళే కద సార్, సిలబస్ ఎవరు చేస్తరు" అంటారు. ఏం చేయాలి?

జవాబు: సార్, ముందు మీ స్టాఫ్‌ని చెడ్డవాళ్ళనుకోకండి. పీరియడ్లు, ఎఫ్ఏ (క్లాసులో పెట్టే చిన్న పరీక్షల) మార్కుల ఎంట్రీ, యాప్‌లో అటెండెన్స్, మధ్యలో ఎలక్షన్ డ్యూటీ, ఇన్నిట్లో మీరు ఇంక్లూజన్ అన్నారనుకోండి, వాళ్ళకది ఇంకో రిజిస్టర్ వచ్చిపడ్డట్టే ఉంటుంది. ట్రైనింగ్ పెడితే మారతారు అంటారు గానీ నేను ఆ ట్రైనింగ్‌లు తీసుకున్నా, ఇచ్చా కూడా, టీ బాగుంటుంది, చివర్లో గ్రూప్ ఫోటో బాగుంటుంది.

అందుకని అందరూ మారాలి అనడం ఆపేసి ఒక్కో టీచర్‌కి ఒక్క పని చెప్పండి. సోషల్ సార్‌కి, బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడొద్దు, రాసేశాక తిరిగి చెప్పండి, అంతే. మిషన్ ఉందిగా వినపడుతుందిలే అనుకుంటాం, కానీ అది మన మాటతో పాటు ఫ్యాన్ చప్పుడూ పక్క బెంచీ గోలా కూడా పెంచేస్తుంది, అలాంటి పిల్లలు చాలామంది పెదాలు చూసి సగం అర్థం చేసుకుంటారు, మన వీపు చూసి ఏం అర్థం చేసుకుంటారు చెప్పండి. లెక్కల సార్‌కి, వారానికోసారి ఆ ఐదుగురితో ఒరియాలో అంకెలు చెప్పించమనండి, ఏకొ, దుయి, తిని, చారి, పాంచొ, మిగతా క్లాసంతా వెనకాలే అనాలి. ఆ ఐదు నిమిషాలు వాళ్ళే సార్లు. ఎండాకాలంలో పోతారు నిజమే, ఆ లోపు ఉన్నన్నాళ్ళు మన పిల్లలే కదా. ఎనిమిదో క్లాసు అబ్బాయిని నోటితో అడిగి చూడమనండి, ఆన్సర్ వస్తే పాఠం వచ్చినట్టే, రానిది చదవడం. ఇంకా భవిత సెంటర్ (ప్రత్యేక అవసరాల పిల్లల కోసం సర్కారు నడిపేది) ఐఈఆర్‌పీని, అంటే అక్కడ ఆ పిల్లలకి చెప్పే టీచర్‌ని పిలిచి వాడిని చూపించండి, పదో తరగతిలో స్క్రైబ్ (పిల్లాడు చెప్తే పరీక్ష రాసిపెట్టేవాళ్ళు), ఎక్స్‌ట్రా టైం కావాల్సొస్తే సర్టిఫికెట్ పనులు ఇప్పుడే మొదలెట్టాలి, టెన్త్ ఫీజు కట్టేటప్పుడు పరిగెడితే అవదు.

నా తప్పు ఒకటి చెప్తా. స్కాలర్‌షిప్ ఫారాలొచ్చినప్పుడల్లా క్లాసులో నిలబడి "ఎస్సీ పిల్లలు లేవండి, లెక్క రాసుకోవాలి" అనేదాన్ని, చాలా ఏళ్ళు. ఓసారి ఒక అమ్మాయి లేవలేదు, నేనూ రాయలేదు, ఆ ఏడు దానికి డబ్బులు రాలేదు. వాళ్ళమ్మ వచ్చి అడిగితే అప్పుడు తెలిసింది, పక్కన కూర్చునే ఫ్రెండ్ ముందు లేవడం ఇష్టంలేక ఊరుకుందట. కులం అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉండనే ఉంది, ఆఫీస్ రూమ్‌లో కూర్చుని రాసుకుంటే పదిహేను నిమిషాల పని! నాకెవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు. మీ స్కూల్లో ఇప్పటికీ ఎవరైనా అలా లేపుతున్నారేమో చూడండి, దీన్ని మాత్రం మెల్లిగా చెప్పక్కర్లేదు, ఆ రోజే ఆపించండి. పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషేధం.

నెల తర్వాత మీటింగ్‌లో సర్క్యులర్లు చదివే ముందు ఒక్కొక్కళ్ళనీ అడగండి, మీకప్పజెప్పిన పిల్లలు ఈ నెల మిమ్మల్ని ఏమడిగారు అని. మొదటిసారి ఇద్దరు చెప్పగలిగితే చాలు, మిగతావాళ్ళు వాళ్ళని చూసి వస్తారు, మన మాట విని రారు.

ప్రశ్న: మా బాబు నాలుగో క్లాస్, ప్రైవేట్ స్కూల్. డిస్‌లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) అన్నారు. టీసీ తీసుకుని స్పెషల్ స్కూల్‌లో వేయమంటున్నారు. గొడవపడాలా? - ఒక తల్లి, విజయవాడ

జవాబు: టీసీ మాత్రం తీసుకోకమ్మా. ఎనిమిదో తరగతి అయ్యేదాకా పిల్లల్ని తీసేయకూడదని విద్యాహక్కు చట్టమే చెప్తోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో నేర్చుకోవడంలో ఇబ్బంది కూడా ఉంది, డిస్‌లెక్సియా దాని కిందకే వస్తుంది, దాన్ని తొందరగా గుర్తించి తగ్గట్టు చెప్పాలని అందులోనే 16వ సెక్షన్. అయితే క్లాస్ టీచర్ మీద మొదటిరోజే చట్టం పుస్తకం విసరకు, రోజూ బాబుతో ఉండేది ఆవిడే. రిపోర్ట్ జత చేసి రెండే రెండు అడుగు, అందరి ముందు గట్టిగా చదివించొద్దు, నోట్స్ రాయకపోతే నోటితో అప్పజెప్పించుకోండి అని. లెటర్ రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద స్కూల్ స్టాంపు, తేదీ వేయించుకో.